మబ్బులోకి కరెంటు ఎలా వస్తుందండి?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరండి. ఎండాకాలం సాయంత్రం గాలివాన వచ్చిందంటే ఎవరిదో ఒకరి కొబ్బరిచెట్టు మీద పిడుగు పడి మొవ్వు మాడిపోద్ది. మబ్బూ మబ్బూ గుద్దుకుంటే పిడుగు పుడతాదంటారు మా మావగారు. మబ్బంటే నీళ్ళే కదా, దాంట్లోకి కరెంటు ఎలా వస్తుందండి? – ఒక పాఠకురాలు

జవాబు: గుద్దుకోవడం అన్న మాట కరెక్టేనమ్మా, కాకపోతే గుద్దుకునేవి మబ్బులు కాదు, ఒకే మబ్బు లోపలున్న మంచుముక్కలు. మే నెలలో ఇక్కడ మనకి చెమటలు కారిపోతుంటాయి గానీ నెత్తిమీద ఓ 5 కిలోమీటర్లు పైకెళ్తే సున్నా డిగ్రీలే, 7 కిలోమీటర్ల దగ్గర మైనస్ 10 కూడా దాటేస్తుంది. కాగిన నేల మీది గాలి సముద్రం తేమతో కలిసి పైకి తన్నుకుపోతే మబ్బు అంతెత్తుకీ, ఇంకా పైకీ లేస్తుంది. అక్కడ సన్నటి మంచు పలుకులుంటాయి, మైనస్‌లో ఉన్నా గడ్డకట్టని నీటి చుక్కలుంటాయి, ఆ చుక్కలు ఒకదానిమీద ఒకటి అంటుకుని మనం చేలో చల్లే గుళికల్లాంటి మంచు గుళికలు తయారవుతాయి. గుళికలు బరువెక్కి కిందికి జారుతుంటే పలుకులు గాలితో పైకి పోతుంటాయి, దారిలో తగిలి విడిపోయిన ప్రతిసారీ పిసరంత చార్జ్, అంటే విద్యుదావేశం, చేతులు మారుతుంది, గుళికకి మైనస్, పలుక్కి ప్లస్. ప్లస్‌ని మోసుకుని పలుకులు మబ్బు నెత్తికి చేరతాయి, మైనస్ నడుములో ఉండిపోతుంది. నా లెక్కలో అసలు సంగతి ఈ విడదీయడమే, గాలి ఆ పని చెయ్యకపోతే రెండూ అక్కడికక్కడే సరిపోయేవి.

ఇది ఒక్కరోజులో తేలలేదు. జార్జ్ సింప్సన్ అనే బ్రిటిష్ వాతావరణ శాస్త్రవేత్త మన సిమ్లాలోనే వానకుండే చార్జ్ కొలిచి, చినుకులు గాలికి పగలడం వల్లే కరెంటు పుడుతుందని 1909లో రాశారు, మళ్ళీ ఆయనే 1937లో బెలూన్లు పంపి చూసి పైన ప్లస్, మధ్యలో మైనస్, అడుగున కొంచెం ప్లస్ ఉందని, పైన జరిగేది మంచు పనేనని ఒప్పుకున్నారు. తను చెప్పిందే మార్చుకున్నారు చూడండి, నాకు అది చాలా గొప్పగా అనిపిస్తుంది. ఆ అడుగున ప్లస్ ఎందుకో 1978లో జపాన్ శాస్త్రవేత్త తకహాషి ల్యాబ్ ప్రయోగాల్లో కొంత తెలిసింది, సుమారు మైనస్ 10 కన్నా వెచ్చగా ఉన్నచోట అదే గుళిక ప్లస్ అవుతుంది.

నడుములోని మైనస్‌కి కింద నేల మీద ప్లస్ పోగవుతుంది, ఎత్తుగా నిలబడ్డ మీ కొబ్బరిచెట్టు ఆ రెండూ కలవడానికి దారిస్తుంది, అదే పిడుగు, అందుకే ఉరుము వినపడగానే తోటలోంచి ఇంట్లోకి వచ్చెయ్యండి, చెట్టు కింద మాత్రం నిలబడొద్దు. శ్రావణంలో రోజంతా ముసురు పట్టినా ఉరుములు పెద్దగా వినపడకపోవడం మీరూ గమనించే ఉంటారు, ఆ మబ్బుల్లో గాలి అంత జోరుగా పైకి తన్నదమ్మా.