సాక్సోఫోన్ తగ్గిన చోట విను

తమ్ముడూ,

అమెరికన్ హిప్-హాప్ జంట పీట్ రాక్ (సంగీతం), సీ.ఎల్. స్మూత్ (మాటలు, ర్యాప్)ల పాట ‘దే రెమినిస్ ఓవర్ యూ’ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. పాటంటే నీకెంత ఇష్టమో ప్రతి పేరాలో తెలుస్తోంది. కానీ మూడొంతులు సాక్సోఫోన్ గురించే రాశావు. 1992లో పాట వచ్చినప్పటి నుంచీ ఎక్కువమంది చేస్తున్నదదే. పాటలో మాటలు కట్టిన సీ.ఎల్. స్మూత్‌కి దక్కాల్సిన పేరు దక్కలేదని నా గట్టి నమ్మకం. నీ వ్యాసం అతని కోసం రాయి.

ముందు ఒక దిద్దుబాటు. ఆ సాక్సోఫోన్ నువ్వు అనుకున్నట్టు స్టూడియోలో ఎవరినో కూర్చోబెట్టి వాయించింది కాదు. సాక్సోఫోన్ వాద్యకారుడు టామ్ స్కాట్ 1967 నాటి రికార్డు ‘టుడే’ నుంచి పీట్ రాక్ కత్తిరించుకున్న ముక్క. అతను వాడిన ఎస్పీ-1200 శాంప్లర్‌లో, అంటే పాత రికార్డుల ముక్కల్ని దాచుకుని మళ్లీ వాయించే యంత్రంలో, మొత్తం పట్టేది దాదాపు 10 సెకన్ల ధ్వనే. అందుకే ఆ యంత్రం వాడేవాళ్లు నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డును 45 చుట్ల వేగంతో తిప్పి ఎక్కించి, లోపల మళ్లీ నెమ్మది చేసేవాళ్లు. జాగా మిగిలేది, ధ్వని కొంచెం గరుకెక్కేది.

ఇప్పుడు పాట మళ్లీ పెట్టు. సాక్సోఫోన్ జోరంతా పల్లవి దగ్గరే. చరణాల్లో బేస్, డ్రమ్స్ మీద మాట నడుస్తుంది. అక్కడ చెవి పెట్టు. చేత్తో తాళం వెయ్యి, నాలుగు దెబ్బలకు ఒక బార్. ప్రతి బార్ చివర పడే మాట ఒక్కటే కాగితం మీద రాసుకో. అర్థం సంగతి తర్వాత.

మొదటి చరణంలో ‘అక్టోబర్’కి ‘సోబర్’ (తాగి లేని) జత పడుతుంది. ప్రాసగా చూస్తే మామూలుదే. విషయం చూడు: అక్టోబర్ 8న బిడ్డ పుట్టాడు, అందరికీ వేడుక, తాత మాత్రం తాగకుండా వచ్చాడు. తాత అలవాటేమిటో, ఆ రోజు ఆయనకెంత ముఖ్యమో ఆ ఒక్క మాటలో తెలిసిపోయింది. వెంటనే బిడ్డ చేతివేళ్లు, కాలివేళ్లు లెక్కపెట్టడం. ‘సంతోషం’ అని ఎవరూ అనలేదు, అయినా ఇల్లంతా కనబడింది.

1990లో చనిపోయిన మిత్రుడు ట్రాయ్ డిక్సన్ కోసం కట్టిన పాట ఇది. అయినా ఆ పేరు మూడో చరణం దాకా రాదు. ముందు తల్లి, తర్వాత కన్నతండ్రి పట్టించుకోకపోతే ఆ స్థానంలో నిలబడ్డ ఇంటి పెద్ద. చివరికి, ఈ పాట పేరులో ఒక్కో మాట మొదటి అక్షరం తీసుకోండి అంటాడు: టీ, ఆర్, ఓ, వై, అంటే ట్రాయ్. నీ వ్యాసంలో ఈ వరస గురించి ఒక్క వాక్యం కూడా లేదు. పాట ప్రాణమంతా ఇక్కడే ఉంది తమ్ముడూ.

ఇక నీ అనువాదం. ‘వచ్చాడు, నిలిచాడు, ఇచ్చాడు’ అని ప్రాస కలిపావు. మన క్రియ వాక్యం చివర కూర్చుంటుంది కాబట్టి ఆ ‘ఆడు’ ఎప్పుడూ ఉచితంగా దొరుకుతుంది, నాలుగు పాదాలయ్యేసరికి చెవి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. క్రియను ముందుకు జరుపు. ‘తాగకుండా వచ్చాడు తాత’ అని చూడు. చివరి దెబ్బ మనిషి మీద పడింది, రెండు కొసల్లో ‘తా’ కూడా కుదిరింది. ‘అక్టోబర్, సోబర్’ జతను మాత్రం తెలుగులోకి లాగకు. అలాగే ఉంచి, అక్కడ ఏం జరిగిందో పక్కనే చెప్పు.

‘అద్భుతం’, ‘అజరామరం’ కొట్టేసి, ఆ ఖాళీలో రెండో చరణం గురించి రాయి. దాని బార్ చివరి మాటలు రాసుకున్న కాగితం కూడా వ్యాసంతో పాటు పంపు.

ప్రేమతో,
అన్నయ్య