గ్వాటెమాలా విపిల్: చేతి నేతేనా, ఏ ఊరిది?

మీ ప్రశ్నలు రెండు: సంతలో అమ్మే విపిల్, అంటే మాయా స్త్రీల పై వస్త్రం, నిజంగా చేతి నేతేనా? చూసి ఏ ఊరిదో చెప్పొచ్చా?

ముందు అంచులు చూడండి. నడుం మగ్గం మీద పడుగు ఒక కొసను స్తంభానికో చెట్టుకో కడతారు, రెండోది పట్టీతో నేసే మనిషి నడుముకు ఉంటుంది. చివరిదాకా నేసిన ముక్కకు కత్తెర పడదు, నాలుగు వైపులా నేత అంచే. ఒక కొస దగ్గర అడ్డంగా నేత పలచబడిన పట్టీ కనిపిస్తుంది. అక్కడ పడుగులో చోటు చాలక పేకను సూదితో దూర్చాల్సి వస్తుంది. దాన్ని లోపమని బేరమాడొద్దు, నడుం మగ్గానికి అదే గట్టి ఆనవాలు. అయితే అది లేనంత మాత్రాన నకిలీ కాదు. కొన్ని ఊళ్లలో కొస కత్తిరించి మడిచి కుడతారు, కొన్నిచోట్ల విపిల్‌నే కాలి మగ్గం మీద నేస్తారు.

తర్వాత తిరగేయండి. ప్రింటు గుడ్డయితే వెనక వెలవెలబోతుంది. కంప్యూటర్ ఎంబ్రాయిడరీకి వెనకంతా ఒకే రంగు బాబిన్ దారం, తరచూ కాగితంలాంటి బిరుసు పొర ఉంటాయి. నేత బుటాలో రంగు పోగులు పేకతో పాటే పడుగులో దూరి ఉంటాయి. శాన్ ఆంటోనియో అగ్వాస్ కాలియెంటెస్ అనే ఊళ్లో ‘మార్కదోర్’ పద్ధతి బుటా రెండు వైపులా ఒకేలా వస్తుంది కాబట్టి వెనక శుభ్రంగా ఉందని మిషన్ పని అనుకోకండి. సాంతియాగో అతిత్లాన్ ఊరి విపిల్ మీది పిట్టలు నేత కాదు, చారల గుడ్డ మీద కుట్టినవి. అదీ అక్కడి సంప్రదాయమే.

ఊరి సంగతి: చిచికాస్తెనాంగో విపిల్‌కి మెడ చుట్టూ సూర్యకిరణాలు, పాతవాటి మీద రెండు తలల డేగ. సాంతా కతరీనా పలోపోలో ఒకప్పటి ఎరుపు పోయి నీలం వచ్చింది. ఊరి గుర్తు స్థిరమే గానీ రంగు మారకూడదన్న నియమం లేదు. ఆ గుర్తే 1980ల అంతర్యుద్ధంలో ప్రాణాపాయమై, సైన్యం కంటపడకుండా ఎందరో స్త్రీలు వేరే ఊరి బట్టలు కట్టారు. ఇదంతా తెలిశాక విపిల్‌ను కోసి సంచులు కుట్టడం చూస్తే బాధ కలుగుతుంది. తమ డిజైన్ల మీద సామూహిక హక్కు కోసం మాయా నేతకత్తెలు 2016లో రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లారు.

కింద చుట్టే కోర్తె వేరు. కాలి మగ్గం మీద ఎక్కువగా మగవాళ్లు నేస్తారు. సల్కహాలో దొరికే ‘హాస్పే’ పోచంపల్లి ఇక్కత్ లాగే నూలుకు ముడులేసి రంగు అద్దే పని.

ఉతికే ముందు ఎరుపు, నలుపు పోగుల మీద తడి తెల్లగుడ్డ అదిమి చూడండి. రంగు అంటితే నానబెట్టకండి, చన్నీళ్లలో ముంచి వెంటనే తీసి, పరిచి నీడన ఆరేయండి. తడి బరువుతో దండెం మీద వేలాడితే ముక్కలు కలిపిన కుట్టు సాగిపోతుంది.