కనుమ నాడు బండెక్కే మేనల్లుడికి

ఖరగ్‌పూర్

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. పెద్ద పండక్కి ఇంట్లో ఉండనని, సంక్రాంతి తెల్లవారేసరికే బెంగాల్‌లో బావుల్‌లు, అదే తత్వాలు పాడుకుంటూ తిరిగే బైరాగులు, చేరే కెందులి మేళాలో ఉండాలని అన్నావట. "ఎవరో ఏకతార వాయించుకుంటారట, వీడు వెళ్ళి వినాలట, అంతా నీ పోలికే" అని అరగంట దులిపింది. పోలిక మాట నిజమే కాబట్టి నోరు మూసుకుని విన్నాను. నువ్వు నన్ను అడిగినవి మూడు: ఏ బండి, ఎక్కడ పడుకోవాలి, ఏ రికార్డర్ కొనాలి. మూడోదానికి జవాబు ముందే చెప్పేస్తున్నాను. కొనకు. ఎందుకో తర్వాత చెప్తాను.

ముందు మీ అమ్మతో రాజీ. భోగి మంట వెయ్యి, సంక్రాంతి నాడు ఇంట్లో భోంచెయ్యి, ఆ రాత్రి విజయనగరంలో హౌరా బండి ఎక్కు. కనుమ నాటికి హౌరాలో ఉంటావు. కనుమ నాడు కాకి కూడా కదలదంటుంది మీ అమ్మ. రైల్వేలో ముప్ఫై ఏళ్ళు పైగా చేసినవాణ్ణి, కనుమ నాడు కదలని బండిని నేను చూడలేదు. నీకు నష్టమేమీ లేదు కూడా. పౌష సంక్రాంతి తెల్లవారుజామున అజయ్ నదిలో స్నానాలకి వచ్చే జనంలో నీకు పాట కాదు కదా, పక్కవాడి మాట కూడా వినపడదు. స్నానాలకి వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక పాట కోసం వచ్చినవాళ్ళు మిగులుతారు. నువ్వు వెళ్ళాల్సింది అప్పుడు.

ఇక బండి సంగతి. కెందులికి నువ్వు దిగాల్సింది బోల్‌పూర్‌లో. గణదేవత ఎక్స్‌ప్రెస్ హౌరాలో పొద్దున్నే బయల్దేరిపోతుంది, అది నీకు అందదు. పది దాటాక శాంతినికేతన్ ఎక్స్‌ప్రెస్ ఉంటుంది. అదీ తప్పిపోతే బర్ధమాన్ దాకా లోకల్లో వెళ్ళి, అక్కడ ప్యాసింజర్ పట్టుకో. నన్నడిగితే అది తప్పిపోవడమే మంచిది. హౌరా నుంచి బోల్‌పూర్ నూట యాభై కిలోమీటర్లు కూడా ఉండదు, ఏసీ పెట్టెలో కూర్చుంటే రెండున్నర గంటల్లో దిగిపోతావు, ఒక్క పాట కూడా వినకుండా. పాడేవాళ్ళు ఎక్కేది మామూలు పెట్టెల్లో. బర్ధమాన్ దాటాక ఖానా జంక్షన్ దగ్గర మెయిన్ లైన్ వదిలి లూప్ లైన్లోకి తిరుగుతుంది బండి. అక్కడి నుంచి గుష్కరా, భేదియా, అజయ్ వంతెన, బోల్‌పూర్. ఆ గంట కోసమే నువ్వు వెళ్తున్నావనుకో.

కిటికీ సీటు కోసం కొట్టుకోకు. కిటికీ దగ్గర డైలీ ప్యాసింజర్లు ఉంటారు, మోకాళ్ళ మీద పేపరు పరిచి ట్వంటీనైన్ పేకాట ఆడుతుంటారు. ఆ సీట్లు వాళ్ళకి తాతల నాటి ఆస్తి. నువ్వు నడవ పక్కన, తలుపుకి దగ్గరగా కూర్చో. ఝాల్‌మురీ వాడు వస్తాడు. మన మరమరాల మిక్చర్ లాంటిదే, కానీ ఆవనూనె ఘాటు ముక్కుకెక్కుతుంది. మట్టి పిడతలో టీ వస్తుంది. వాళ్ళ మధ్య నుంచి దారి చేసుకుంటూ ఒక గెరువా, అంటే కాషాయం రంగు, జుబ్బా వస్తుంది. అదే నీ బావుల్. తొందరపడి ఫోన్ తియ్యకు.

అతని చేతిలోది చూడు. ఏకతార అంటే మన తంబురా పెద్దకొడుకు అనుకునేవు. కాదు. సొరబుర్రో చెక్కడోలో కింద, దానికి రెండు చీలికలుగా నిలబెట్టిన వెదురు, మధ్యలో ఒక్కటే తీగ. ఆ వెదురు చీలికల్ని వేళ్ళతో నొక్కితే తీగ వదులై స్వరం జారుతుంది. ఒక్క తీగ అంత మాట్లాడేది అందుకే. ఎడమ చేతికి నడుముకి కట్టిన డుగ్గి అనే చిన్న డోలు, కాలికి గజ్జెలు. ఒక్క మనిషే మొత్తం మేళం. కొందరి దగ్గర ఖమక్ ఉంటుంది, చంకలో ఇరికించుకుని తీగ గుంజుతూ మీటుతారు, కుక్కపిల్ల కుయ్యిమన్నట్టు మొదలై ఉరుములాగా ముగుస్తుంది. దోతారా అనే తీగల వాద్యం ఉన్నవాడు సాధారణంగా జట్టుతో వస్తాడు.

పాట అర్థం కాలేదని బెంగపడకు. బెంగాలీ పూర్తిగా వచ్చినవాడికి కూడా సగమే అర్థమవుతుంది, అలా రాసుకున్నారు కాబట్టి. పైకి చేపలు పట్టడం, పడవ నడపడం, ఇంట్లో దొంగ పడటం, పంజరంలో పిట్ట. దేహాన్ని రైలుబండిగా చెప్పే పాటలూ ఉన్నాయి. లోపల ఇంకో అర్థం, అది గురువు శిష్యుడికి చెప్పేది. మన ఊళ్ళో తత్వాలు పాడే బైరాగులు తొమ్మిది వాకిళ్ళ ఇల్లు అంటే ఏ ఇల్లు అని మనం అడగలేదు కదా, ఇదీ అంతే. ఒక్క కిటుకు చెప్తాను. చివరి చరణంలో ఒక పేరు వస్తుంది. వేమన పద్యానికి మకుటం ఉన్నట్టు. వాళ్ళు దాన్ని భణిత అంటారు. ఆ పేరు పట్టుకుంటే పాట ఎవరిదో తెలుస్తుంది. ఎక్కువసార్లు 'లాలన్' అని వినపడుతుంది. కుష్టియా దగ్గర ఛెఉరియాలో ఆఖడా, అంటే పాడేవాళ్ళ విడిది, పెట్టుకుని 1890లో అక్కడే పోయిన లాలన్ ఫకీర్. హిందువా ముసల్మానా అని అడిగినవాళ్ళకి పాటతోనే జవాబిచ్చినవాడు. కుష్టియా ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది కానీ, 1862లో కలకత్తా నుంచి వేసిన రైలు లైను మొదట ఆగింది అక్కడే. అంటే ఆయన ఉన్న ఊరి పక్కకే బండి వచ్చి కూతపెట్టింది. నాకు ఆ సంగతి తెలిసినప్పుడు ఎందుకో చాలా సంతోషమేసింది, మన డిపార్ట్‌మెంటు ఆయన్ని చూసిందన్నట్టు.

పాట అయిపోయాక డబ్బులివ్వు. పాట మధ్యలో కాదు. చిల్లర విసరకు, పది ఇరవై నోట్లు విడిగా జేబులో పెట్టుకుని చేతికివ్వు. "జయగురు" అంటాడు, నువ్వూ "జయగురు" అను. నచ్చితే "ఆర్ ఏక్‌టా హోక్" అను, ఇంకొకటి కానివ్వండి అని. అంతకు మించిన బెంగాలీ ఆ గంటకి అక్కర్లేదు.

ఈ మాట చెప్పడానికి నాకు అర్హత లేదు నిజానికి. ఇంతవరకు మీ అమ్మకి కూడా చెప్పలేదు. నేను బాంకురాలో టీసీగా చేసిన రోజులవి. అప్పటికి అక్కడ చిన్నబండి నడిచేది, బాంకురా దామోదర్ రివర్ రైల్వే, పొట్టిగా బీడీఆర్. జనం దాన్ని "బడో దుఃఖేర్ రేల్" అనేవారు, పెద్ద దుఃఖాల రైలు అని. సైకిలు తొక్కేవాడు దాటి పోయేవాడు. సోనాముఖి మీదుగా వెళ్ళేది. సోనాముఖిలో శ్రీరామనవమికి మనోహర్‌దాస్ పేరు మీద బావుల్‌ల ఉత్సవం జరుగుతుంది కాబట్టి ఆ దారిన పాడేవాళ్ళకి లోటుండేది కాదు. రైల్వే చట్టం 144వ సెక్షన్ ప్రకారం బండిలో లైసెన్సు లేకుండా అమ్మడం, అడుక్కోవడం అప్పట్లో నేరం. కొత్త యూనిఫాం, చొక్కా మడత నలగని వయసు. ఒక ముసలాయన పాట మధ్యలో ఉండగా చెయ్యి చూపించి ఆపి, తర్వాతి హాల్టులో దిగిపొమ్మన్నాను. ఒక్క మాట అనలేదు, జయగురు అని దిగిపోయాడు. అదే మనిషి తర్వాత ఎన్నోసార్లు నా బండి ఎక్కాడు. నన్ను చూడగానే ఏకతార జోలెలో పెట్టేసి, టిక్కెట్టు చేత్తో పట్టుకుని కూర్చునేవాడు. ఒకసారి నేనే అడిగాను పాడమని. నవ్వి, గొంతు బాగోలేదన్నాడు. పక్క పెట్టెలో ఆయన పాడుతుంటే నాకు చక్రాల చప్పుడులో సగం వినపడేది. ఆ పాట మొత్తంగా ఏమిటో నాకు ఇవాళ్టికీ తెలియదు.

సరే, రికార్డర్. 1993లో అనుకుంటా, అప్పు చేసి టేప్‌రికార్డర్ కొన్నాను. కెందులి వెళ్ళి ఆఖడాలో గడ్డి మీద కూర్చుని రాత్రంతా ఆ మీట నొక్కడం, బ్యాటరీలు మార్చడం, క్యాసెట్ తిప్పడం. ఇంటికొచ్చి వింటే జనరేటర్ మోత, పక్క ఆఖడా మైకులో కీర్తన, ఎదురు ఆఖడా మైకులో ఇంకో పాట, వీటి మధ్య నా దగ్గు. పాడినవాడి మొహం గుర్తుచేసుకుందామంటే, నేను ఆ రాత్రి చూసింది టేపు తిరుగుతోందా లేదా అనే. నీ ఫోన్ నా డబ్బా కంటే నయమేలే. అయినా మొదటి పాట, రెండో పాట ఉత్త చేతులతో విను. మూడోదానికి అడుగు. ఒప్పుకుంటేనే తియ్యి. తీసింది నెట్‌లో పెట్టాలనుకుంటే అది కూడా ముందే అడుగు, అతని పేరు వెయ్యి. అతను పాడి బతుకుతున్నాడు, నువ్వు జీతంతో బతుకుతున్నావు.

బోల్‌పూర్‌లో దిగాక స్టేషన్‌లో టాగూర్ ఆఖరిసారి ప్రయాణం చేసిన సెలూన్ అనే ప్రత్యేక పెట్టె ఉంచారు, 1941 జులై 25న ఆయన్ని ఇక్కడి నుంచి కలకత్తా తీసుకెళ్ళింది అందులోనే. మళ్ళీ రాలేదు. తెరిచి ఉంటే చూడు. అక్కడి నుంచి ఇలంబజార్ మీదుగా కెందులికి బస్సు. కండక్టరు కెందులి అనడు, "జయ్‌దేవ్, జయ్‌దేవ్" అని అరుస్తాడు. మన భజనల్లో అష్టపదులు పాడతామే, ఆ జయదేవుడి ఊరని బెంగాలీల నమ్మకం. కాదు మా ప్రాచీ నది ఒడ్డున పుట్టాడని ఒడియా వాళ్ళు. ఖరగ్‌పూర్‌లో రెండు రకాలవాళ్ళతోనూ కాపురం చేస్తున్నాను కాబట్టి చెప్తున్నాను, ఈ విషయం బస్సులో ఎత్తకు.

లాడ్జి గురించి వెతకొద్దు. ఆఖడాల్లో టార్పాలిన్ కింద గడ్డి పరుస్తారు, ఓ మూల పడుకోవచ్చు. కిచిడీ పెడతారు, కాదనకుండా తిను, వచ్చేటప్పుడు దక్షిణ ఇవ్వు. మీ అమ్మ చేసిన అరిసెలు ఓ డబ్బా పట్టుకెళ్ళి ఆఖడా పెద్దకి ఇవ్వు, మన పండగ సంగతి చెప్పు. మన హరిదాసు నెలంతా తిరిగి అక్షయపాత్ర దించే రోజుల్లోనే వాళ్ళ మేళా అంటే ఆశ్చర్యపోతారు. చలి విజయనగరం చలి కాదు. మంకీ టోపీ చూసి బెంగాలీల మీద జోకులు వేస్తావుగా, రెండో రాత్రికి నువ్వే కొనుక్కుంటావు. గంజాయి చిలుము నీ దాకా వస్తే చేతులు జోడించి పక్కకి పంపు. ఎవరూ ఏమనుకోరు.

అర్ధరాత్రి దాకా మైకుల పోటీ. అప్పుడు నిద్రపో. రెండు మూడు గంటల వేళ లే. జనరేటర్లు కొన్ని ఆగుతాయి, పేరున్నవాళ్ళు పాడి వెళ్ళిపోతారు, నెగడు చుట్టూ నలుగురు ముసలాళ్ళు ఒకరి పాటకి ఇంకొకరు పాటతో జవాబు చెప్పుకుంటుంటారు. అక్కడికి వెళ్ళి కూర్చో. వెనకాల కూర్చో.

శాంతినికేతన్ పక్కన సోనాఝురి సంతలో చీరలు కొనేవాళ్ళ మధ్య పాడేవాళ్ళు అసలు బావుల్‌లు కాదని నీకు చాలామంది చెప్తారు. నాకు ఆ మాట చిరాకు. పూర్ణదాస్ బావుల్ 1967లో అమెరికాలో ఉన్నాడు, అక్కడి పాటగాడు బాబ్ డిలాన్ ఆల్బమ్ అట్ట మీద అతని పక్కన నిలబడ్డాడు, 2013లో పద్మశ్రీ వచ్చింది. ఆయనా బావులే, సంతలో పాడేవాడూ బావులే అయి ఉండొచ్చు. నువ్వు రెండ్రోజుల చుట్టానివి, జాతకాలు చెప్పకు.

తిరుగు ప్రయాణంలో ఖరగ్‌పూర్‌లో దిగాలి, అది మాత్రం తప్పదు. మీ అత్త నోలెన్ గుడ్ తెమ్మంది. ఈతబెల్లమే, చలికాలంలో దొరుకుతుంది. బోల్‌పూర్ బజార్లో అచ్చులుగా అమ్ముతారు, పాటాలీ అని అడుగు. రెండు కిలోలు చాలు. చెక్కు గిల్లి వాసన చూసి తీసుకో, తెల్లగా గట్టిగా ఉంటే పంచదార కలిపినట్టు.

మీ మావయ్య