ఎల్క్ వేటకు బాండెడ్ బుల్లెట్ పనికొస్తుందా?

ప్రశ్న: కొలరాడోలో ఎల్క్ (ఒక రకం పెద్ద జింక) వేటకు లైసెన్సు వచ్చింది. నాది .30-06 రైఫిల్. జబ్బ ఎముకకు తగిలితే మామూలు బుల్లెట్ ముక్కలవుతుందంటున్నారు. బాండెడ్ అయితే తేడా ఉంటుందా?

జవాబు: ఉంటుందండీ, ముఖ్యంగా దగ్గరి దూరంలో. మామూలు బుల్లెట్‌లో సీసాన్ని రాగి తొడుగులో బిగిస్తారు, అంతే. 50 గజాల్లో గట్టి ఎముకకు తగిలితే తొడుగు ఒక పక్కకి, సీసం ఒక పక్కకి పోవచ్చు. బాండెడ్‌లో రెండూ అతికి ఉంటాయి. ముందుభాగం పుట్టగొడుగులా విచ్చుకున్నా, వెనకభాగం దాన్ని నెట్టుకుంటూ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బాండెడ్ రకాల్లో ఒకటైన అక్యుబాండ్ తగిలాక సుమారు 60–70 శాతం బరువు నిలుపుకుంటుంది. మరో రకం స్విఫ్ట్ ఎ-ఫ్రేమ్ 90 దాటుతుంది, దానికి మధ్యలో రాగి అడ్డగోడ కూడా ఉంది. అయితే ఆ పుట్టగొడుగు మరీ వెడల్పయితే లోతు తగ్గుతుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది దూరం విషయంలో. అక్యుబాండ్ విచ్చుకోవాలంటే తగిలేటప్పుడు సెకనుకు కనీసం 1800 అడుగుల వేగం ఉండాలి. అంతకు తగ్గితే సన్నటి రంధ్రం చేసి దూసుకుపోతుంది. పాపం, ఆ జంతువు గాయంతో ఎంతో దూరం పోయి నరకం పడుతుంది. మీ బారెల్ ఇచ్చే వేగాన్ని క్రోనోగ్రాఫ్‌తో (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) కొలవండి. 1800 దాకా పోకుండా కాస్త మిగులు ఉంచుకుని, లెక్కలో వేగం 2000కు పడిపోయే దూరమే మీ హద్దు అనుకోండి. కొత్త బుల్లెట్‌తో గురి మళ్లీ సరిచూసుకోవడం మాత్రం మరవద్దు.