ప్లాస్టిక్ చెత్తతో పని అంటే భయపడుతున్న ఒక నాన్నకు

గోదావరిఖని నుంచి ఒక నాన్న పంపిన పొడవాటి మెసేజ్‌లో ముఖ్యమైన భాగం ఇది: "మా పాపకు ఎప్‌సెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. వాడి పారేసిన ప్లాస్టిక్ నుంచి రబ్బరులో కలిపే కెమికల్స్ తయారు చేస్తారట, తను అదే చేస్తుందట, కెమికల్ ఇంజనీరింగ్ పెట్టమంటోంది. నేను సింగరేణిలో పని చేస్తా. చెత్త ఏరుకోవడానికా ఇంత చదివించింది? సీఎస్ఈ ఏఐ మేలా, ఇది మేలా చెప్పండి."

సార్, మీరు పోల్చి చెప్పమన్నది రెండు కోర్సులను. కానీ నలుగురిలో 'పాప ఏం చదువుతోంది' అని అడిగితే ఏం చెప్పుకోవాలన్నదే మీ అసలు టెన్షన్. కౌన్సెలింగ్ సీజన్ వచ్చిందంటే చాలు, ఇదే దిగులు బ్రాంచి పేరు మార్చుకుని నా దగ్గరికి వస్తూనే ఉంటుంది. దిగులు పడండి, తప్పు లేదు. కానీ "చెత్త ఏరుకోవడానికా" అన్న మాట పాప ముందు కూడా అని ఉంటే మాత్రం అది చాలా తప్పు, ఇవాళే కూర్చోబెట్టి మాట్లాడండి.

సింగరేణిలో కన్వేయర్ బెల్టు తెగితే జాయింట్ ఎలా వేస్తారో మీకు నేను చెప్పాలా? పొరలు విప్పి, సొల్యూషన్ పూసి, మధ్యలో పచ్చి రబ్బరు పెట్టి, ప్రెస్సు బిగించి 140, 150 డిగ్రీల వేడి మీద ఉంచుతారు. ఆ పచ్చి రబ్బరులో గంధకం, జింక్ ఆక్సైడ్, స్టియరిక్ ఆసిడ్, కార్బన్ బ్లాక్, మెత్తబరిచే నూనెలు అన్నీ పాళ్ళ ప్రకారం పడితేనే జాయింట్ నిలుస్తుంది. ఇలా రబ్బరులో కలిపే వాటిలో కొన్నింటిని వాడి పారేసిన ప్లాస్టిక్ నుంచి తీయాలని మీ పాప అనుకుంటోంది. మీకు అన్నం పెడుతున్న బెల్టుకు పనికొచ్చే చదువును చెత్త అంటే ఎలా సార్?

పాప గాల్లో మేడలేమీ కట్టడం లేదు. నీళ్ళ బాటిల్ చేసే పెట్ ప్లాస్టిక్‌ను ఒక రకం ఆల్కహాల్‌తో, ఉత్ప్రేరకం వేసి వేడి చేస్తే డీఓటీపీ అనే ప్లాస్టిసైజర్, అంటే మెత్తబరిచే ద్రవం, వస్తుంది. దాన్ని ఎక్కువగా వాడేది పీవీసీ అనే ప్లాస్టిక్‌లోనే అయినా, ఆయిల్ సీళ్ళు, గొట్టాలు చేసే నైట్రైల్ రబ్బరును మెత్తగా ఉంచడానికి కూడా పనికొస్తుంది. క్యారీ బ్యాగుల పాలిథిన్‌ను గాలి తగలకుండా 400 డిగ్రీలు దాటించి వేడి చేస్తే పొడవాటి గొలుసులు తెగి మైనం దిగుతుంది. అది కాస్త కలిపితే రబ్బరు మిషన్ రోలర్లకు అంటుకోదు, అచ్చులోకి సులువుగా పారుతుంది.

ఇప్పుడు పాపను కూడా పక్కన కూర్చోబెట్టుకుని ఇది చదవండి. ఈ కెమికల్ రీసైక్లింగ్ ఇప్పుడు ఫ్యాషన్ అయింది, నాకు దాని మీద అనుమానాలు చాలానే ఉన్నాయి. ఆ పేరు పెట్టుకున్న యూనిట్లలో చాలావరకు ప్లాస్టిక్‌ను కాచి ఇంధన నూనె తీసి, బాయిలర్లకు అమ్ముకోవడంతోనే ఆగిపోతాయి. రబ్బరు ఫ్యాక్టరీకి అది సరిపోదు. అక్కడ లెక్కంతా వంద పాళ్ళ రబ్బరుకు గంధకం రెండు పాళ్ళు, జింక్ ఆక్సైడ్ అయిదు పాళ్ళు అన్నట్టు ఉంటుంది, ప్రతి బ్యాచీ ఒకేలా రావాలి. మున్సిపాలిటీ బండిలో వచ్చే ప్లాస్టిక్‌లో కొంచెం పీవీసీ కలిసినా వేడికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుట్టి, ప్లాస్టిక్‌ను కాచే పాత్రను, అంటే రియాక్టర్‌ను, మెల్లగా తినేస్తుంది, ఆ ఆమ్లం సరుకులో మిగిలితే రబ్బరు ఉడకడం, అంటే వేడికి గట్టిపడటం, ఆలస్యమవుతుంది. అందుకే ఏరడానికి, కడగడానికే బోలెడు ఖర్చు, పైగా క్రూడాయిల్ చవకైన ఏడాది పెట్రోలియం నుంచి వచ్చే కొత్త సరుకుతో పోటీ పడలేక చేతులెత్తేయాల్సి వస్తుంది. 2022లో కేంద్రం ప్లాస్టిక్ ప్యాకింగ్ వాడే కంపెనీల మీద రీసైక్లింగ్ బాధ్యత గట్టిగానే పెట్టింది, దానివల్ల గిరాకీ పెరగొచ్చు, కానీ ఒక్క రూల్‌ని నమ్ముకుని బిడ్డ భవిష్యత్తు పెట్టకూడదు. 'సస్టెయినబిలిటీ' పేరుతో నెలన్నర సర్టిఫికెట్లు అమ్మేవాళ్ళ జోలికి అసలే పోవద్దు.

అందుకే మామూలు కెమికల్ ఇంజనీరింగే చదవమంటున్నాను. ఈ రంగం ఆశించినంత ఎదగకపోయినా మీ పక్కనే రామగుండంలో ఎరువుల ఫ్యాక్టరీ ఉంది, సదాశివపేటలో టైర్ల ఫ్యాక్టరీ ఉంది, హైదరాబాద్ చుట్టూ ఫార్మా ఉంది. రబ్బరే కావాలనుకుంటే తర్వాత గేట్ రాసి ఐఐటీ ఖరగ్‌పూర్‌లోని రబ్బర్ టెక్నాలజీ సెంటర్‌కు వెళ్ళొచ్చు, కొచ్చిలోని కుశాట్ యూనివర్సిటీలోనూ రబ్బర్ టెక్నాలజీకి విభాగం ఉంది, రీసెర్చ్ మీద మనసుంటే హైదరాబాద్‌లో కెమికల్ పరిశోధన సంస్థ ఐఐసీటీ ఉండనే ఉంది. జేఈఈ ర్యాంకు కూడా ఉంటే వరంగల్ ఎన్ఐటీ, లేకపోతే ఓయూ టెక్నాలజీ కాలేజీ పైన పెట్టుకోండి.

ఇక సీఎస్ఈ. మంచి కాలేజీలో చదివి, పిల్లకు కోడింగ్ మీద ఇష్టం ఉంటే మొదటి జీతం అందులోనే ఎక్కువ, దాచను. కానీ మీ మెసేజ్‌లో పాపకు కోడింగ్ ఇష్టమన్న మాట ఒక్కటీ లేదు, పక్కింటివాళ్ళ అబ్బాయి ప్యాకేజీ మాత్రం రెండుసార్లు ఉంది. ల్యాబులు కూడా సరిగ్గా లేని కాలేజీలో బ్రాంచి పేరు పక్కన ఏఐ అని ఉన్నంత మాత్రాన లక్షలు పోసి చేర్పించకండి. ఇష్టం లేని బ్రాంచిలో బ్యాక్‌లాగులు పడి, ఇంట్లో చెప్పలేక నలిగిపోయే పిల్లలను చూసి చూసి చెప్తున్నా.

భయపడకండి సార్. తనకేం కావాలో ఈ వయసులోనే ఇంత వివరంగా చెప్పగలిగే పిల్ల తేలిగ్గా దారి తప్పదు. వెబ్ ఆప్షన్లు ఫ్రీజ్ చేసేలోపు ఒకరోజు సెలవు పెట్టి పాపతో కలిసి వెళ్ళి కాలేజీ చూడండి, థర్డ్ ఇయర్ పిల్లల దగ్గర ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేశారో, ల్యాబులో రియాక్టర్ నడుస్తోందో లేదో అడగండి. బెల్టు జాయింట్ ఎలా వేస్తారో దారిలో పాపకు మీరే చెప్పండి.