పర్చేజ్‌లో చేరుతున్న అన్న కూతురికి

తల్లీ,

పరవాడ ఫార్మా సిటీలో నీకు పర్చేజ్ ఉద్యోగం వచ్చిందని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషమేసింది. ఇండెంట్ (సరుకు కావాలని లోపలి విభాగం ఇచ్చే కోరిక), కొటేషన్ (సప్లయర్ చెప్పే ధర), పీఓ (మనం ఇచ్చే పర్చేజ్ ఆర్డర్) లాంటివి వారంలో అలవాటైపోతాయి. ఏ కొత్త మాట విన్నా రెండు ప్రశ్నలు వేసుకో: ఈ దశలో సరుకు పాడైతే నష్టం ఎవరిది? డబ్బు ఎవరు, ఎప్పటిలోగా కట్టాలి?

ఉదాహరణకు చైనా నుంచి తెప్పించే ముడిసరుకు సంగతి చూడు. ఎఫ్‌ఓబీ, సీఐఎఫ్ లాంటివి ఎవరి ఖర్చు, ఎవరి పూచీ ఎక్కడిదాకా అని చెప్పే అమ్మకపు షరతులు. ఎఫ్‌ఓబీ షాంఘై అంటే అక్కడ ఓడ ఎక్కించేవరకే అమ్మినవాడి పూచీ. ఆ తర్వాత ఓడ కిరాయి, బీమా మనం చూసుకోవాలి. సీఐఎఫ్ విశాఖ అయితే ఆ రెండూ అతనే కడతాడు. అందుకని సరుకు విశాఖ చేరేదాకా బాధ్యత కూడా అతనిదేనని అనుభవం ఉన్నవాళ్లు కూడా పొరబడతారు. కానీ సీఐఎఫ్‌లోనూ ఓడ ఎక్కిన క్షణం నుంచే నష్టం మన నెత్తిన ఉంటుంది. దారిలో డ్రమ్ములు తడిస్తే క్లెయిము వేసుకోవాల్సింది మనమే. పైగా సీఐఎఫ్ కింద అతను కనీస బీమా చేయిస్తే చాలు. అంతకు మించి కావాలంటే ఒప్పందంలో ముందే రాయించాలి. కంటైనర్ సరుకు ఓడ ఎక్కకముందే యార్డులో చేతులు మారుతుంది కాబట్టి దానికి ఎఫ్‌ఓబీ కన్నా ఎఫ్‌సీఏ (రవాణాదారుడికి అప్పగించగానే పూచీ మారే షరతు) మేలు. పీఓలో రేవు పేరు, ‘ఇన్‌కోటర్మ్స్ 2020’ (ఈ షరతులకు అర్థం చెప్పే అంతర్జాతీయ నియమాలు) అన్న మాట తప్పకుండా ఉండాలి.

లీడ్ టైమ్ (ఆర్డర్ ఇచ్చాక సరుకు వాడకానికి అందేదాకా పట్టే కాలం) విషయంలో సప్లయర్ చెప్పే ముప్పై రోజులు నమ్మకు. కస్టమ్స్, క్వారంటైన్ (పరీక్ష ఫలితం వచ్చేదాకా సరుకు విడిగా ఉంచడం), క్యూసీ అంటే నాణ్యత పరీక్షలు దాటి స్టోర్ నుంచి ప్రొడక్షన్‌కు అందేదాకా లెక్కించు. అది 45 రోజులనుకో, రోజు వాడకం 40 కిలోలైతే ఆలోగా 1,800 కిలోలు ఖర్చవుతాయి. ఆలస్యమైతే ఆదుకునే సేఫ్టీ స్టాక్ ఇంకో 400 కలిపితే రీఆర్డర్ లెవెల్, అంటే మళ్లీ ఆర్డర్ పెట్టాల్సిన మట్టం, 2,200 కిలోలు. నిల్వ అక్కడికి దిగిందంటే ఆర్డర్ వెళ్లిపోవాలి.

చిన్న తయారీదారుల బిల్లుల విషయం నాకు మరీ ముఖ్యం. ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా చెల్లింపు 45 రోజులు దాటకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే గడువు. ఆలస్యమైతే ఆర్‌బీఐ ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ పడుతుంది. పీఓలో ‘90 రోజుల క్రెడిట్’ అని రాసినంత మాత్రాన అది చెల్లదు. ఆ డబ్బుతోనే వాళ్లు కూలీలకు జీతాలిస్తారమ్మా, ఫైలు నీ టేబుల్ మీద ఆగనివ్వకు.

పీఓ, జీఆర్ఎన్ (సరుకు అందినట్టు స్టోర్ రాసే పత్రం), ఇన్‌వాయిస్ (సప్లయర్ బిల్లు) మూడూ పక్కపక్కన పెట్టి పరిమాణం, ధర సరిచూశాకే సంతకం పెట్టు. అర్జెంటని ఎవరు తొందరపెట్టినా సరే. సందేహం వస్తే రాత్రి భోజనాలయ్యాక ఫోన్ చెయ్యి.

మీ బాబాయి