ఉచితంగా ఇచ్చే మొబైల్ గేమ్‌కు డబ్బు ఎలా వస్తుంది?
అనంతపురం టవర్ క్లాక్ దగ్గర టీ అంగట్లో గేమ్ ఆడే పిల్లల్లో ఎక్కువమంది పైసా కట్టరు. అయినా కంపెనీకి వాళ్లు కావాలి. ఎదుట ఆడేవాళ్లే లేకపోతే, డబ్బు పెట్టి కొన్న స్కిన్ (గేమ్‌లో పాత్రకో, ఆయుధానికో వేసే కొత్త రూపు) కొన్నవాళ్లు ఎవరికి చూపించుకుంటారు? అసలు రాబడి ఆ కొనే కొద్దిమంది నుంచే. స్కిన్ ఒకసారి తయారైతే లక్షమందికి అమ్మినా అదనపు ఖర్చు దాదాపు ఉండదు. స్కిన్ ధర రూపాయల్లో చెప్పకుండా, ముందు డైమండ్లు అనే గేమ్ నాణేలు కొనిపించడం మాత్రం మహా గడుసుతనం: ఎంత ఖర్చయిందో లెక్క తెలియదు, కొన్ని మిగిలిపోయి మళ్లీ కొనిపిస్తాయి. కట్టనివాళ్లకు చాలా గేముల్లో ప్రకటనలు చూపిస్తారు. యాప్ స్టోర్ల వాటా వేరే. పెద్ద కంపెనీల నుంచి అవి చాలాకాలం 30 శాతం తీసుకున్నాయి. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీ సంగతి వేరు, దాన్ని 2025 కేంద్ర చట్టం నిషేధించింది.